అన్నగారి బదులు వచ్చిన చెల్లెలు



పప్పు వుడికేలోగా ఒక పాట, చారు మరిగేలోగా ఇంకో పాట. ఇలా వంటింట్లోంచే సంగీతం విన్నవాళ్ళం మనం. కృతి అయితే రాగం పట్టుకుంటాం. సినిమా పాటైతే పాడిందెవరో, వరస కట్టిందెవరో పొయ్యి దగ్గరనుంచే చెప్పేస్తాం. అదే పరాయిదేశపు సంగీతం చెవిన పడితే మాత్రం "ఏదో ఇంగ్లీషు పాట" అని వూరుకుంటాం. నేనూ అంతే. ఆమధ్య ఒక ఆదివారం మా అబ్బాయి ఫోనులో ఏదో పెట్టాడు. బాకాలు హోరెత్తిపోతున్నాయి, వెనకాల డోళ్ళు. నేను బెండకాయలు తరుగుతూ "ఆపరా బాబూ" అనబోయి ఆగిపోయాను. చూస్తే నా చాకు ఆ డోలుకి తగ్గట్టు పడుతోంది! "ఇంగ్లీషు కాదమ్మా, ఇది లాటిన్ జాజ్" అన్నాడు వాడు.

సరే, నచ్చింది. మరి ఎవరిని వినాలి? పేర్ల పట్టికలకేం, కావలసినన్ని దొరుకుతాయి. గొప్పవాళ్ళు పాతికమంది, గొప్ప రికార్డులు వంద. అన్నీ మగవాళ్ళ పేర్లే, పైగా ఒక పేరుకీ ఇంకో పేరుకీ సంబంధమేమిటో తెలీదు. పెళ్ళివారింట్లో ముక్కూ మొహం తెలీని చుట్టాల మధ్య కూర్చున్నట్టుంటుంది. చివరికి నాకు దారి చూపింది ఒక ఆడమనిషి. ఆవిడ పేరు గ్రాసియెలా. ఆవిడెవరి చెల్లెలు, ఆ అన్నగారి బావగారెవరు అని మన పద్ధతిలో వరసలు కలుపుకుంటూ పోయానో లేదో, ఈ సంగీతం చరిత్రంతా ఒక్క ఇంటి కథలాగా విచ్చుకుంది. ఆ కథే ఇవాళ మీకు చెబుతాను.

ముందు జాజ్ గురించి ఒక్కమాట. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలోని నల్లజాతివారు, ముఖ్యంగా న్యూ ఆర్లియన్స్ పట్టణంలో, తయారుచేసుకున్న సంగీతం అది. దానికి ప్రాణం మనోధర్మం. మన కచేరీలో కల్పనస్వరాలు వేసినట్టే, వాళ్ళూ ఒక వరస అందరూ కలిసి వాయించి, ఆ తరవాత ఒక్కొక్కరే దానిమీద అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. ఇక లాటిన్ అంటారా, స్పానిష్, పోర్చుగీసు మాట్లాడే అమెరికా దేశాలన్నిటికీ కలిపి వాడే మాట. వాటిలో మన కథకి కావలసింది క్యూబా. ఫ్లారిడా కొసనుంచి సుమారు 90 మైళ్ళ దూరంలో వున్న చెరకు దీవి.

ఈ రెండు దేశాలకీ కూడా ఆఫ్రికానుంచి మనుషుల్ని ఓడల్లో కుక్కి బానిసలుగా తెచ్చారు. అక్కడిదాకా ఒకటే కథ. తరవాతే తేడా వచ్చింది. 1739లో దక్షిణ కెరొలైనాలో బానిసలు తిరగబడి డోళ్ళు మోగిస్తూ నడిచారు. మరుసటి ఏడే, 1740లో, బానిసల దగ్గర డోలన్నది వుండకూడదని అక్కడ శాసనం చేశారు. మాటలు రాని కొయ్యకీ తోలుకీ దొరలు అంతగా భయపడ్డారన్నమాట. క్యూబాలో ఏలిన స్పెయిన్ వాళ్ళు మాత్రం మంచివాళ్ళని కాదు. అక్కడ బానిసత్వం పోయిందే 1886లో. కాని అక్కడ ఆఫ్రికావారిని తెగలవారీగా సంఘాలు పెట్టుకోనిచ్చారు, పండగల్లో ఎవరి డోళ్ళు వాళ్ళని వాయించుకోనిచ్చారు. అంచేత అమెరికాలో పిల్లలకి తల్లి పాట మిగిలింది గాని డోలు చాలామటుకు పోయింది. క్యూబాలో పాటతోపాటు డోలూ నిలిచింది. చిన్నతనంలోనే విడిపోయిన ఈ తోబుట్టువులు తిరిగి కలుసుకున్నది 1940లలో, న్యూయార్కు నగరంలో.

ఆ క్యూబా లయకి ఒక తాళంచెవి వుంది. నిజంగానే దాని పేరు తాళంచెవే. స్పానిష్ భాషలో క్లావే. రెండు చేవగల కర్రముక్కలు, ఒకదానిమీద ఒకటి కొడితే ఖణేల్ మంటాయి. హవానా ఓడరేవులో పలకలు బిగించే చెక్కమేకులే ఇలా వాద్యమయ్యాయని చెబుతారు. ఆ దరువు ఎలావుంటుందో మీ ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒకటినుంచి పదహారుదాకా ఒకే నడకలో లెక్కపెట్టండి. 1, 4, 7, 11, 13 అంకెల దగ్గర మాత్రం చప్పట్లు కొట్టండి. మొదటి సగంలో మూడు, రెండో సగంలో రెండు. తొలిసారి తప్పుతుంది, ఫరవాలేదు. నాకు మూడురోజులు పట్టింది. మన ఆదితాళంలాగా సమంగా వుండదు, చాపుతాళంలాగా కాస్త ఒరుగుతూ నడుస్తుంది. ఒక్కోసారి ఈ కర్రలు వాయించేవాళ్ళే వుండరు. అయినా బృందంలో పాతికమందీ మనసులో దాన్ని వింటూనే వుంటారు, తంబురా ఆపినా గాయకుడికి శ్రుతి వినిపిస్తున్నట్టు. ఇది చెవికి పట్టిందా, లాటిన్ జాజ్ తలుపు తెరుచుకున్నట్టే.

అన్నట్టు, మన పాత సినిమాల్లో క్లబ్బు పాట రాగానే టకటకమని మోగే జంటడోళ్ళు గుర్తున్నాయా? అవి బాంగోలు. క్యూబా తూర్పుభాగంలో పుట్టినవి. కాబట్టి మనకి ఈ చప్పుడు పూర్తిగా కొత్తేమీ కాదు.

ఇక గ్రాసియెలా దగ్గరికి వద్దాం. ఆవిడ 1915లో హవానాలో పుట్టింది. తరవాత మచీటో అన్న పేరుతో ప్రసిద్ధికెక్కిన గాయకుడి ఇంట్లో పెంపుడు చెల్లెలుగా పెరిగింది. ఆవిడ పాటలోకి వచ్చింది మాత్రం అన్నగారి వెనకాల కాదు, పూర్తిగా ఆడవాళ్ళే వున్న ఒక వాద్యబృందంలో. ఆ బృందం సంగతి చెప్పకుండా ముందుకి పోబుద్ధి కావటంలేదు.

1930లో క్యూబాని మచాదో అనే నియంత ఏలుతున్నాడు. విద్యార్థులు ఎదురుతిరిగితే విశ్వవిద్యాలయం మూయించాడు. అక్కడ దంతవైద్యం చదువుతున్న కాన్సెప్సియోన్ కాస్త్రో అనే అమ్మాయి చదువు మధ్యలో ఆగిపోయింది. ఇంట్లో మొత్తం పదకొండుమంది అక్కచెల్లెళ్ళు. పదకొండుమంది ఆడపిల్లల ఇల్లంటే మీకు వేరే చెప్పాలా! చదువు లేదు, ఉద్యోగాలు లేవు. అయితే ఏంచేసింది? 1932లో చెల్లెళ్ళని కూడగట్టి వాద్యబృందం పెట్టింది. దానికి అనకావోనా అని పేరు పెట్టింది. స్పెయిన్ వాళ్ళు 1503లో చంపించిన ఒక ఆదివాసీ రాణి పేరది. అప్పట్లో క్యూబాలో వీధివీధికీ వినిపించే 'సోన్' అనే సంగీతం మగవాళ్ళ సొత్తు. ఆడపిల్ల పియానో నేర్చుకుంటే మురిసిపోయేవారు, డోలు ముట్టుకుంటే మొహం చిట్లించేవారు. మనకి తెలీని వ్యవహారం కాదుగా. మన దగ్గర మాత్రం వీణ పట్టిన అమ్మాయిని పెళ్ళిచూపుల్లో మెచ్చుకున్నారు గాని మృదంగం పట్టిన పిల్లని ఎవరు మెచ్చుకున్నారు?

ఆ అక్కచెల్లెళ్ళలో మియ్యో అనే చిన్నపిల్ల బాంగో వాయించింది. 2015లో మార్గరీటా ఎంగిల్ అనే రచయిత్రి ఈ పిల్ల కథ ఆధారంగా అమెరికాలో పిల్లల బొమ్మలపుస్తకం ఒకటి రాసింది. మిగతావాళ్ళు గిటారు, బాకా, క్లారినెట్, శాక్సఫోన్ ఒక్కొక్కటే నేర్చుకున్నారు. హవానాలో శాసనసభా భవనానికి ఎదురుగా ఆరుబయట కాఫీహోటళ్ళుండేవి. సాయంత్రాలు అక్కడ వాయించేవారు. ఆ బృందంలోనే మన గ్రాసియెలా పాడింది. 1937లో గ్రామఫోను రికార్డులిచ్చారు, 1938లో పారిస్ దాకా వెళ్ళి వాయించొచ్చారు. ఆ 1937 రికార్డులు ఇప్పటికీ దొరుకుతాయి. జాజ్ కాదు అవి, అచ్చమైన సోన్. అయినా వాటితోనే మొదలుపెట్టండి. క్లావే ఎంత తేటగా వినిపిస్తుందో!

ఇప్పుడు వరసలు కలపాలి. మచీటోకి ఒక బావగారున్నారు, మారియో బౌసా. హవానాలో 1911లో పుట్టాడు. చిన్నతనంలోనే క్లారినెట్ నేర్చి పెద్ద సంగీతబృందంలో వాయించాడు. 1926లో రికార్డింగుకని న్యూయార్కు వెళ్ళి అక్కడి నల్లజాతివారి పేట హార్లెంని చూశాడు. వాళ్ళ సంగీతం, వాళ్ళు తలెత్తుకు తిరిగే తీరూ చూసి మతిపోయింది కుర్రాడికి. 1930లో అక్కడికే వెళ్ళిపోయాడు. ఒక క్యూబా గాయకుడి దగ్గర బాకా వాయించేవాడు కావాలంటే రెండువారాల్లో బాకా నేర్చుకున్నాడు. తరవాత చిక్ వెబ్ బృందంలో, ఆపైన క్యాబ్ క్యాలొవే బృందంలో, అంటే జాజ్ లో హేమాహేమీల దగ్గర పనిచేశాడు. డిజ్జీ గిలెస్పీ అనే కుర్ర బాకాకారుడికి క్యాలొవే దగ్గర చోటు దొరకాలని ఒక రాత్రి తనకి ఒంట్లో బాగాలేదని వంకపెట్టి, తన కుర్చీలో అతన్ని కూర్చోబెట్టాడు. ఈ డిజ్జీ తరవాత ఎంతవాడయ్యాడో చూద్దురుగాని.

మారియో పెళ్ళాడింది మచీటో చెల్లెల్ని, ఎస్తేలాని. మచీటో న్యూయార్కు వచ్చాక, 1940లో ఈ బావాబావమరుదులు కలిసి సొంత బృందం పెట్టారు. ముందు నిలబడి పాడేది మచీటో. వెనకనుంచి నడిపించేది మారియో. పేరేం పెట్టారో తెలుసా? "మచీటో, అతని ఆఫ్రో క్యూబన్లు." ఇవాళ మనకి మామూలుగానే వుంటుంది. కాని ఆ రోజుల్లో నల్లరంగు వున్నవాడు దాన్ని కప్పిపుచ్చుకోవాలి. హవానాలో డబ్బున్నవారి క్లబ్బుల్లో నల్ల కళాకారులకి ప్రవేశముండేది కాదు, న్యూయార్కులోనూ చాలాచోట్ల అదే వరస. అలాంటప్పుడు మేం ఆఫ్రికా బిడ్డలమని బల్లమీద రాసి పెట్టుకున్నారంటే ఎంత గుండె కావాలి!

మారియో ఆలోచన చెప్పటానికి తేలిక. లయ క్యూబాది, దాన్ని కదపకూడదు. దానిమీద బాకాలూ శాక్సఫోన్లూ పలికేది జాజ్. చెయ్యటం మాత్రం కష్టం. జాజ్ వాయించేవాళ్ళకి క్లావే అర్థంకాదు, క్యూబా డోలు వాళ్ళకి జాజ్ రాగసంచారాలు తెలీవు. పాలూ నిమ్మరసం కలిపితే విరుగుతాయే, అలా విరగకుండా కలపటమే ఆయన పనితనం.

1943లో పెద్ద ఇబ్బంది వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం రోజులు. మచీటోకి సైన్యంలో చేరమని పిలుపు. బృందానికి గొంతు లేకుండా పోయింది. అప్పుడు హవానాకి కబురు వెళ్ళింది, చెల్లెల్ని రమ్మని. గ్రాసియెలా వచ్చింది. అన్నగారు తిరిగొచ్చేదాకా తాత్కాలికంగానని ఆవిడ ప్రయాణం. కొద్దినెలలకే కాలికి దెబ్బతగిలి మచీటోని సైన్యంనుంచి పంపేశారు. చెల్లెలు పెట్టె సర్దుకుని వెళ్ళలేదు. ముప్ఫైయేళ్ళకిపైగా ఆ బృందంలోనే వుండిపోయింది. అన్నగారు హుషారు పాటలు, ఆవిడ నెమ్మదిగా సాగే బొలేరోలు పాడేవారు. కొంటెపాటలూ పాడింది. "సీ సీ, నో నో" అన్న పాట వినండి. భాష రాకపోయినా ఆ అవునూ కాదూల మధ్య కొంటెతనం తెలిసిపోతుంది. పిల్లలు పక్కన లేనప్పుడు వింటే మంచిదేమో!

ఇంకో సంగతి. లాటిన్ జాజ్ లో మొట్టమొదటిదని అందరూ ఒప్పుకునే "టాంగా" అన్న కృతి పుట్టింది కూడా ఆ 1943 మే నెలలోనే, అంటే మచీటో సైన్యంలో వుండగా. కచేరీలో పాటకీ పాటకీ మధ్య పియానో, బాసు వాయించేవాళ్ళు ఊరికే కాలక్షేపానికి ఏదో తిప్పితిప్పి వాయిస్తున్నారట. మారియో చెవి అటు పడింది. మర్నాడు సాధనలో దానిమీద ఒక్కొక్క వాద్యానికీ పాలు పంచుకుంటూ పోయాడు. మిగిలిపోయిన పిండితో కొత్త పిండివంట చేసినట్టన్నమాట. ఇలా పుట్టిన వంటలే ఒక్కోసారి ఇంటికి పేరు తెస్తాయి.

ఇక్కణ్ణుంచి కథ మారియో చేతుల్లోంచి జారి లోకానికి ఎక్కింది. డిజ్జీ గిలెస్పీ అప్పటికి పెద్దవాడయ్యాడు, కొత్తరకం జాజ్ కి నాయకుడు. నాకో క్యూబా డోలు కావాలని పాత స్నేహితుణ్ణి అడిగాడు. మారియో చానో పోసోని చూపించాడు. హవానా పేదవాడల్లో పెరిగిన చానో కాంగా డోలులో మహా మొనగాడు. ఇతనికి ఇంగ్లీషు రాదు, డిజ్జీకి స్పానిష్ రాదు. 1947 సెప్టెంబరు 29న కార్నెగీ హాల్లో ఇద్దరూ ఒకే వేదికమీద వాయించారు. అదే ఏడు డిసెంబరులో "మాంతేకా" రికార్డు చేశారు. మాంతేకా అంటే వంటకి వాడే పందికొవ్వు. పేరు చూసి ముక్కు మూసుకోకండి. చానో చెప్పిన వరస గుండ్రంగా తిరుగుతూ మొదటికే వస్తుంది, మారదు. డిజ్జీకి అలా ఆగదు. మధ్యలో ఒక చరణంలాంటిది తను కట్టి చేర్చాడు. మూడు నిమిషాల రికార్డులో ఇద్దరి స్వభావాలూ పక్కపక్కనే వినిపిస్తాయి. పాపం చానో మళ్ళీ డిసెంబరు చూశాడు గాని దాటలేదు. 1948లో ఆ నెల మొదటివారంలోనే హార్లెంలో ఒక బారులో అతన్ని కాల్చిచంపారు. 33 ఏళ్ళు. కలిసి పనిచేసింది పట్టుమని పదిహేను నెలలైనా లేదు. జాజ్ బృందాల్లో కాంగా డోలు మాత్రం వుండిపోయింది.

తితో ప్వెంతే సంగతి చెప్పకపోతే మీ పిల్లలు నన్ను క్షమించరు. న్యూయార్కులోనే 1923లో పుట్టాడు, తల్లిదండ్రులది ప్వెర్తోరికో. ఏడేళ్ళప్పుడు ఇంట్లో గిన్నెలూ కిటికీలూ వాయించి చంపుతుంటే ఇరుగుపొరుగు గొడవకి వచ్చారట. తల్లి కొట్టలేదు. పాఠానికి పావుడాలరు ఇచ్చి పియానో నేర్పించింది. పెద్దయ్యాక మచీటో బృందంలో డోలు వాయించి, యుద్ధానికి నావికాదళంలో వెళ్ళొచ్చి, ఆ మాజీసైనికుల వేతనంతో జూలియార్డ్ సంగీతకళాశాలలో చదువుకున్నాడు. 1958లో వచ్చిన "డాన్స్ మేనియా" వింటే ఇల్లు తుడిచే పని ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, నాది పూచీ. ఆయన కట్టిన "ఓయె కోమో వా" ని 1970లో సాంతానా బృందం మళ్ళీ వాయించి ప్రపంచమంతా తిప్పింది. మోంగో సాంతామారియా, ఎడ్డీ పాల్మియేరీ ఈ బాటలోవాళ్ళే. మోంగో "ఆఫ్రో బ్లూ" తప్పకుండా వినవలసింది. ఇక్కడ పేర్లే చెప్పి వదిలేస్తున్నాను.

ఒక తండ్రీకొడుకుల కథ మాత్రం వదలలేను. బేబో వల్దేస్ హవానాలో పేరున్న పియానో విద్వాంసుడు. విప్లవం తరవాత 1960లో దేశం విడిచిపోయాడు. భార్యాపిల్లలు అక్కడే వుండిపోయారు. స్వీడన్ లో ఇంకో పెళ్ళి చేసుకుని హోటళ్ళలో పియానో వాయిస్తూ ఏళ్ళకేళ్ళు గడిపేశాడు. హవానాలో వదిలేసిన పెద్దకొడుకు చూచో తనూ పియానోలో ఘనుడయ్యాడు, 1973లో ఇరాకెరె అనే బృందం పెట్టాడు. 1978లో ఆ బృందం న్యూయార్కు వచ్చినప్పుడు తండ్రీకొడుకులు కలుసుకున్నారు. పద్ధెనిమిదేళ్ళ తరవాత! 2000లో ఫెర్నాండో త్రుయెబా తీసిన "కాయె 54" అనే సినిమాలో ఇద్దరూ ఎదురెదురు పియానోల దగ్గర కూర్చుని వాయిస్తారు. ఆ వెళ్ళిన మనిషిమీద నాకు కోపమే, హవానాలో మిగిలిన ఆ తల్లిని తలుచుకుంటే. అయినా ఆ పియానోలు విన్నంతసేపూ కోపం గుర్తుకి రాదు. అదేమి చిత్రమో!

ఆడవాళ్ళ డోలు సంగతి మధ్యలో వదిలేశాను. క్యూబాలో బతా అనే పవిత్రమైన డోళ్ళున్నాయి. పూజ చేసి ప్రతిష్ఠించిన ఆ డోళ్ళని ఆడవాళ్ళు వాయించకూడదన్నది ఆచారం. ప్రతిష్ఠ చెయ్యని బతాలని మాత్రం 1990లనుంచీ ఆడవాళ్ళు వేదికమీద ధీమాగా వాయిస్తున్నారు. కెనడా దేశస్థురాలు జేన్ బన్నెట్ క్యూబా అమ్మాయిల్ని కూర్చి మాకెకె అనే బృందం పెట్టింది. 2014లో వాళ్ళ మొదటి రికార్డు వచ్చింది. మా అబ్బాయికన్నా ముందు నేనే కనిపెట్టిన పేరిది, చెప్పుకోవాలిగా! అనకావోనా అక్కచెల్లెళ్ళు అరవయ్యేళ్ళకి దగ్గరగా తమ బృందాన్ని నిలబెట్టి, 1980ల చివరలో కొత్త తరం అమ్మాయిలకి అప్పగించారు.

మన అన్నాచెల్లెళ్ళ ఇల్లు ఏమయింది అంటారా? 1970ల నడుమ వేరుపడ్డారు. మచీటో చిన్న బృందంతో ఐరోపా వెళతానన్నాడు. మారియోకి నచ్చలేదు, విడిగా వచ్చేశాడు. గ్రాసియెలా అన్నగారితో కాకుండా ఇటే వచ్చింది. ఉమ్మడి కుటుంబాల్లో ఇలాంటివి చూడనివాళ్ళెవరు! మచీటోకి 1983లో గ్రామీ బహుమతి వచ్చింది. మరుసటేడు లండన్ లో కచేరీకని వెళ్ళి అక్కడే కన్నుమూశాడు. మారియోకి మాత్రం చాలాకాలం పేరే లేదు. చరిత్ర రాసినవాళ్ళు డిజ్జీ పేరు రాశారు, మచీటో పేరు రాశారు. గోడలు కట్టినవాడి పేరు గుమ్మంమీద వుండదు కదా. ఎనభయ్యేళ్ళు దాటాక, 1990ల మొదట్లో ఆయన పెద్ద బృందంతో మళ్ళీ మూడు రికార్డులిచ్చాడు. "టాంగా" ని ఈసారి విస్తారంగా వాయించాడు. చివరి రికార్డుకి తను కాపురమున్న ఇంటి నెంబరే పేరు, "944 కొలంబస్". 1993లో పోయాడు.

గ్రాసియెలా 2010దాకా బతికింది. 2004లో, 80 దాటిన కాందిదో అనే కాంగా విద్వాంసుడితో కలిసి "ఇనోల్విదాబ్లే" అని ఒక రికార్డు ఇచ్చింది. మరపురానిది అని అర్థం. ఆవిడకి అప్పటికి 88 నిండాయి. 1937 నాటి రికార్డు ఒకటి, ఇదొకటి, రెండూ ఒకే మధ్యాహ్నం వినండి. గొంతు మారింది, కొంచెం గరుకెక్కింది. క్లావే దగ్గర మాత్రం ఎక్కడా తడబడదు.